పరికరము నేర్పిన చాలునా? గ్రంథపాలకుల శిక్షణపై ఒక విమర్శ

దాచేపల్లి పల్నాటి సీమలోని ఊరు. గుంటూరు నుండి సికింద్రాబాదు పోవు రైలు మార్గమున నడికుడి జంక్షను దీనికి దాపుననే ఉన్నది. చుట్టును పత్తి చేలు, మిరప చేలు. కారెంపూడి, గురజాల, మాచర్ల అను పేర్లు వినగానే తెలుగువారికి బ్రహ్మనాయుడు, నాగమ్మ, బాలచంద్రుడు తలపునకు వత్తురు. ఆ ఊళ్ళన్నియు ఈ సీమలోనివే. ఇచ్చటి ఉన్నత పాఠశాల విద్యార్థి ఒకడు తన సీమను గురించి వ్యాసము వ్రాయదలచి, శ్రీనాథుని పేర ప్రచారములో ఉన్న పల్నాటి వీరచరిత్రమును చూడగోరినాడనుకొందము. అక్కిరాజు ఉమాకాంతము గారు దానిని 1911లో ప్రకటించిరి. నూరేండ్లు దాటిన ప్రతి ఊరి గ్రంథాలయమున దొరకకపోవుటలో వింత లేదు. కాని ఇప్పుడు పాత తెలుగు పుస్తకములు వేలకొలదిగా ఛాయాచిత్రములై అంతర్జాలములో ఉన్నవి. గ్రంథపాలకుడు కంప్యూటరు తెరచి, బాలుడు చెప్పిన పేరు టైపు చేయును. ఫలితములు లేవని తెర మీద కనబడును. బాలుడు వచ్చిన దారినే మరలి పోవును.

ఇందులో తప్పెవరిది? యంత్రము చెడలేదు. కరెంటు పోలేదు. గ్రంథపాలకుడు కంప్యూటరు నడుపుట నేర్చినవాడే. శిక్షణ పొందినట్లు పత్రము కూడ ఆయన వద్ద ఉండవచ్చును. అయినను పుస్తకము కోరినవానికి అందలేదు. క్రొత్త సాంకేతిక విద్యకు గ్రంథపాలకులను సిద్ధపరచుట అను పేరిట మనము చేయుచున్న పనిలోని లోపము ఈ చిన్న సంఘటనలోనే కనబడుచున్నది. మనము వారికి పరికరమును నేర్పుచున్నాము. ఆ పరికరముతో చేయవలసిన పనిని నేర్పుట మరచుచున్నాము.

బొమ్మ ఉన్నది, పేరు లేదు

దీనికి మన కండ్ల ముందరనే జరిగిన పెద్ద ఉదాహరణ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరులో పుట్టి, అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున ఆచార్యులై, కృత్రిమ మేధలో చేసిన కృషికి 1994లో ట్యూరింగ్ పురస్కారము పొందిన రాజ్ రెడ్డి గారు పది లక్షల పుస్తకములను అంతర్జాలమున నిలుపవలెనని సంకల్పించిరి. మన దేశమున బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఆ పనికి ముఖ్య కేంద్రమైనది. అలమారలలో చెదలకు ఆహారమగుచుండిన తెలుగు పుస్తకములు ఎన్నియో దీనివలన బ్రతికినవి. ఆ మేలును ముందుగా ఒప్పుకొనవలెను. ఈ శతాబ్దములో తెలుగు సాహిత్య పరిశోధన చేసిన వారిలో దానికి ఋణపడని వారు అరుదు.

కాని పుస్తకమును ఫొటో తీయుట ఒక పని, దానిని దొరకునట్లు చేయుట మరియొక పని. ఫొటో తీసిన పుటలో మనకు అక్షరములు కనబడును. కంప్యూటరునకు నలుపు తెలుపు చుక్కల సమూహము మాత్రమే కనబడును. బొమ్మలోని అక్షరములను గుర్తించు సాధనములు తెలుగునకు ఆలస్యముగా వచ్చినవి. పాత అచ్చుపై అవి ఇప్పటికిని తడబడుచున్నవి. కాబట్టి ఆ పుస్తకమును వెదకుటకు మిగిలిన ఆధారమొక్కటే: పుస్తకము పేరు, కర్త పేరు, అచ్చయిన సంవత్సరము అని ఒక మనిషి టైపు చేసిన నాలుగు పంక్తులు. గ్రంథాలయ శాస్త్రములో దీనినే సూచీకరణ అందురు. డిజిటల్ లైబ్రరీలో ఈ నాలుగు పంక్తుల దగ్గరనే పని చెడినది. తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరములలో, ఒక పద్ధతి లేక, టైపు చేసిన వారికి తోచినట్లు వ్రాసిరి. కొన్నింటికి సంవత్సరము తప్పు, కొన్నింటికి కర్త పేరు తప్పు.

దీని ఫలితమెంతటిదో చిన్న లెక్క వేసి చూతము. 'పల్నాటి' అనియు 'పలనాటి' అనియు రెండు రూపములు కలవు. ఇంగ్లీషున వ్రాయునప్పుడు 'నా' లోని దీర్ఘమునకు ఒక అక్షరము వేయువారు కొందరు, రెండు వేయువారు కొందరు. 'వీర' లోని దీర్ఘమును మూడు విధములుగ వ్రాయుట వాడుకలో ఉన్నది. చివర 'చరిత్ర', 'చరిత్రము' అని రెండు రూపములు. రెండును రెండును మూడును రెండును హెచ్చవేసిన 24 వచ్చును. ఒక్క పుస్తకమునకు 24 పేర్లు! యంత్రము అక్షరమునకు అక్షరము సరిపోల్చి చూచునే గాని, ఇవన్నియు ఒకటేనని తనంత తాను ఊహింపదు. ఇప్పటి వెదకు యంత్రములు కొన్ని దగ్గరి రూపములను కలిపి చూడగలవు. కాని ఆ నేర్పు వాటికి ఇంగ్లీషున వచ్చినంతగా తెలుగున రాలేదు.

ఆ డిజిటల్ లైబ్రరీ 2017 ప్రాంతమున మూతపడినది. అందలి ప్రతులనేకము ఇంటర్నెట్ ఆర్కైవ్ అను సంస్థ వద్ద నిలిచినవి. పేర్లలోని తప్పులు కూడ వాటితోనే తరలినవి. అంతకు ముందే, 2014 ప్రాంతమున, తెలుగు వికీపీడియా స్వచ్ఛంద సేవకులు కూర్చుండి ఆ పుస్తకముల పేర్లను తెలుగు లిపిలో పట్టికలుగా వ్రాయ నారంభించిరి. అది ప్రశంసనీయమైన పని. కాని కోట్ల రూపాయల యంత్రములు చేయలేకపోయిన పనిని జీతము లేని ఔత్సాహికులు చేయవలసివచ్చినదనగా, పథకమునందు దేనికి చోటు తక్కువైనదో తెలియుచున్నది. సూచీకరణ ఎరిగిన తెలుగు గ్రంథపాలకునికి అందు చోటు తక్కువైనది.

అక్షరము వెనుక అంకె

ఇక్కడ గ్రంథపాలకుడు తెలిసికొనవలసిన శాస్త్ర విషయము ఒకటి కలదు. కంప్యూటరునకు అక్షరము తెలియదు, అంకె మాత్రమే తెలియును. ప్రపంచమందలి లిపులన్నిటికిని ఒకే అంకెల పట్టిక ఉండవలెనని యూనికోడ్ అను ప్రమాణము 1991లో వెలువడినది. అందు తెలుగునకు 3072 నుండి 3199 వరకు 128 స్థానములు కలవు. 'అ' సంఖ్య 3077. 'క' సంఖ్య 3093. 'ర' సంఖ్య 3120. 'ఱ' సంఖ్య 3121. మన చెవికి 'ఎర్రన', 'ఎఱ్ఱన' ఒక్కటే. యంత్రమునకు అవి వేరు వేరు అంకెల వరుసలు. పాత పుస్తకములలోని అరసున్నకును ఒక అంకె కలదు. దానిని ఉంచి వ్రాసినచో ఒక మాట, తీసి వ్రాసినచో మరియొక మాట. అచ్చు పనిలో వాడుకలో ఉన్న కొన్ని పాత ఖతులతో చిక్కు ఇంకను పెద్దది. కాగితము మీద 'అ' చక్కగా పడును. లోపలి అంకె మాత్రము ఏదో ఇంగ్లీషు అక్షరమునకు చెందినది. అట్టి ఖతిలో తయారైన పుస్తకముల జాబితా చూచుటకు అందముగా ఉండును గాని, వెదకుటకు ఒక్క మాటయు పనికిరాదు.

పేర్ల విషయమును చూడుడు. ఆంధ్ర గ్రంథాలయోద్యమమునకు జీవితమును ధారపోసిన అయ్యంకి వెంకట రమణయ్య గారి పేరునే తీసికొందము. మనకు ఇంటిపేరు ముందు వచ్చును. పాశ్చాత్యుల అలవాటును అనుసరించి తయారైన కొన్ని కార్యక్రమములు చివరి మాటయే ఇంటిపేరనుకొని, ఆయనను 'రమణయ్య' క్రింద చేర్చును. ఇంగ్లీషులో ఆయన ఇంటిపేరును 'అ'తో మొదలుపెట్టి వ్రాసినవారును ఉన్నారు, 'ఇ'తో వ్రాసినవారును ఉన్నారు. ఇట్లు గ్రంథాలయోద్యమ పితామహుడే గ్రంథాలయ పట్టికలో మూడు చోట్ల చీలిపోవచ్చును.

వీటికి మందు క్రొత్తది కాదు. పాత కార్డుల పట్టికలో 'చూడుము' అను కార్డు ఉండెడిది. 'పలనాటి వీరచరిత్రము: పల్నాటి వీరచరిత్రము చూడుము' అని వ్రాసి, అన్ని రూపములను ఒక రూపమునకు త్రిప్పుట గ్రంథపాలకుని ప్రథమ పాఠములలో ఒకటి. నేటి యంత్రమునందు చేయవలసినదియు అదే పని. కార్డునకు బదులు ఒక గడి ఉండును, అంతియే. పాత పాఠము గట్టిగా వచ్చినవాడు క్రొత్త యంత్రము ముందు ఒక పూటలో కుదురుకొనును. ఆ పాఠము రానివానికి ఎన్ని యంత్రములు చూపినను ప్రయోజనము లేదు.

పోయిన నేర్పు, నిలిచిన నేర్పు

గ్రంథాలయముల చరిత్ర ఈ మాటనే చెప్పుచున్నది. అమెరికాలో మెల్విల్ డ్యూయీ 1887లో కొలంబియా కళాశాలయందు గ్రంథపాలకులకు మొట్టమొదటి శిక్షణ పాఠశాలను తెరచెను. ఆ కాలపు పాఠములలో దస్తూరి ఒకటి. కార్డుల మీద అందరును ఒకే విధముగ, గుండ్రముగ, విడివిడిగా వ్రాయవలెనని ప్రత్యేకమైన వ్రాతను అభ్యాసము చేయించెడివారు. తరువాత టైపు మిషను వచ్చి ఆ దస్తూరిని త్రోసివేసినది. 1901లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ అచ్చు వేసిన కార్డులను ఇతర గ్రంథాలయములకు పంపిణీ చేయ మొదలిడగా టైపు పనియు తగ్గినది. 1960 తరువాత సూచీ వివరములు కంప్యూటరునకు ఎక్కినవి. 2015లో ఓసీఎల్సీ అను సంస్థ కార్డులను అచ్చు వేయుట శాశ్వతముగా మానినది.

దస్తూరి మాత్రమే నేర్చినవాని విద్య టైపు మిషనుతో ముగిసినది. కాని ఈ పుస్తకమును ఏ పేరు క్రింద చేర్చవలెను, ఏ విషయము క్రింద చేర్చవలెను, వెదకువాడు ఏ మాటతో వచ్చును అను ప్రశ్నలు 1887లో ఎట్లుండినవో నేడును అట్లే ఉన్నవి. శిక్షణలో దస్తూరికి ఎంత చోటు, ఈ ప్రశ్నలకు ఎంత చోటు అనునదే అప్పటికిని ఇప్పటికిని పరీక్ష. నేటి మన శిక్షణలలో ఏ మీట నొక్కవలెను అను పాఠమే దస్తూరి స్థానమును ఆక్రమించినది.

మన పెద్దలు ఈ తారతమ్యమును ఎరిగినవారే. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినది. గణిత శాస్త్రజ్ఞుడై ఉండి గ్రంథాలయ శాస్త్రమునకు వచ్చిన ఎస్. ఆర్. రంగనాథన్ గారు 1931లో తమ పంచ సూత్రములను ప్రకటించిరి. ఆ ఐదింటిలో యంత్రపు మాట లేదు, పుస్తకము, పాఠకుడు, కాలము, పెరుగుదల మాత్రమే ఉన్నవి. ఆంధ్ర విశ్వవిద్యాలయము 1935లో గ్రంథాలయ శాస్త్ర బోధనకు పూనుకొన్నది. అదే సంవత్సరమున గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణం గారు, వారి మిత్రులు పెదవడ్లపూడి, కొల్లిపరల నడుమ కృష్ణా కాలువ మీద పడవ గ్రంథాలయమును నడిపిరి. పడవ వారు కనిపెట్టినది కాదు; కాలువ మీద ప్రతిదినము తిరుగునదే. గ్రంథాలయమునకు రాలేనివారెవరు, వారు నిత్యము ఏ దారిని పోవుదురు అను ప్రశ్న వారికి ముందు పుట్టినది. పడవ తరువాత వచ్చినది. నేడు మనము తరచుగా పడవను ముందు కొని, కాలువ ఎక్కడ ఉన్నదని వెదకుచున్నాము.

మిరపకు ముడత

గ్రంథపాలకుని పని పుస్తకపు పేరుతో ముగియదు. దాచేపల్లి చుట్టుప్రక్కల రైతు ఒకరు గ్రంథాలయమునకు వచ్చి, "మిరపకు ముడతొచ్చిందయ్యా, ఏమన్నా పుస్తకముందా?" అని అడిగినారనుకొందము. 'మిరప ముడత' అని టైపు చేసిన యంత్రము వందల పుటలు చూపును. అందు వ్యవసాయ విశ్వవిద్యాలయపు సలహాలు ఉండును, పురుగుమందుల ప్రకటనలు ఉండును, ఎవరో ఏనాడో చెప్పిన చిట్కాలును ఉండును. వాటినన్నిటిని రైతు ముందు పెట్టుట సేవ కాదు.

పని తెలిసిన గ్రంథపాలకుడు ముందుగా ఒక ప్రశ్న వేయును: "పై ముడతా, కింది ముడతా?" ఆకు అంచులు పైకి ముడుచుకొన్నచో అది తామర పురుగుల పని, క్రిందికి ముడుచుకొన్నచో నల్లి పని. ఒకదాని మందు మరియొకదానికి పనిచేయకపోవచ్చును. డబ్బు పోవును, అదను పోవును. రెండవ ప్రశ్న: "పూతలో నల్లని సన్నపు పురుగులు కనబడుచున్నవా?" 2021లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మిరప చేలను క్రొత్త రకపు నల్ల తామర పురుగులు తీవ్రముగా దెబ్బతీసినవి. ఈ జాతి మన దేశమున ఉన్నట్లు మొదట 2015లో బొప్పాయి మీద గుర్తించిరి. కాబట్టి అంతకు ముందు అచ్చయిన మిరప పుస్తకము ఎంత మంచిదైనను అందు ఈ పురుగు మాట ఉండదు. అచ్చయిన సంవత్సరము చూచుట అను పాత అలవాటు ఇక్కడ పంటను కాపాడునంతటి పని చేయును. తరువాత గ్రంథపాలకుడు గుంటూరు దగ్గరి లాం పరిశోధన కేంద్రము వంటి చోటుల నుండి వెలువడిన సలహాలను వేరుచేసి చూపి, మందు నిర్ణయమును వ్యవసాయాధికారికి విడిచిపెట్టును. తాను వైద్యుడు కాడు. సరియైన వైద్యుని ఇంటికి దారి చూపువాడు.

2022 చివర నుండి ప్రశ్న వేసిన వెంటనే వాక్యములు అల్లి జవాబు చెప్పు యంత్రములు అందరి చేతికి వచ్చినవి. వాటికిని ఈ ప్రశ్నలే వేయవలెను: ఎవరు చెప్పిరి? ఎప్పుడు చెప్పిరి? ఏ ప్రాంతమునకు చెప్పిరి? అవి లేని పుస్తకమునకు కూడ పేరు, కర్త, సంవత్సరము కల్పించి నమ్మకముగా చెప్పగలవు. ఆ పుస్తకము నిజముగా ఉన్నదా లేదా అని పట్టిక త్రిప్పి చూచు అలవాటు ఉన్న గ్రంథపాలకుడు ఇట్టి కాలమున మరింత అవసరమగుచున్నాడు.

శిక్షణ ఎట్లుండవలెను?

సాధనములకు మనకు కొరత లేదు. నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటరు వారి 'ఈ-గ్రంథాలయ' కలదు. 2000లో న్యూజిలాండులోని ఒక చిన్న ప్రాంతీయ గ్రంథాలయ సంస్థ తన అవసరమునకు తయారు చేయించి లోకమునకు ఉచితముగా ఇచ్చిన 'కోహ' కలదు. మావోరీ భాషలో ఆ మాటకు కానుక అని అర్థము. ఈ రెండును తెలుగు లిపిని ఆదరించును. పల్లెటూరి గ్రంథాలయములకు నిధులు, సిబ్బంది చాలకుండుట నిజమే. శిక్షణ ఒక్కటే అన్నిటికిని మందు కాదు. కాని ఇచ్చుచున్న శిక్షణనైనను సరిగా ఇచ్చుటకు నిధుల కొరత అడ్డు రాదు.

సాధారణముగా ఈ శిక్షణలు రెండు మూడు దినములలో ముగియును. విశ్వవిద్యాలయ గ్రంథాలయముల ఉదాహరణలు, ఇంగ్లీషు పుస్తకముల పేర్లు చూపుదురు. శాఖా గ్రంథాలయమునకు తిరిగి వచ్చిన గ్రంథపాలకునికి మొదటి వారమే తెలుగు పేరుతో చిక్కు వచ్చును. అడుగుటకు ఎవరును ఉండరు. హాజరైనట్లు పత్రము మాత్రము మిగులును. ఇది మారవలెను. శిక్షణకు వచ్చువారు తమ గ్రంథాలయములోని ఇరువది తెలుగు పుస్తకములను వెంట తెచ్చి, వాటికే సూచీ తయారు చేయవలెను. పాఠకులు నిజముగా అడిగిన పది ప్రశ్నలను వ్రాసికొని వచ్చి, వాటికే జవాబులు వెదకవలెను. ఆరు నెలలకు ఒకసారి మరల కూడి, ఏ ప్రశ్నకు జవాబు దొరకలేదో చెప్పుకొనవలెను. వేటపాలెములో 1918లో వెలసిన సారస్వత నికేతనము వంటి పాత గ్రంథాలయములలోని పత్రికలను ఫొటో తీయునప్పుడు, ఏ సంచికలో ఏ వ్యాసమున్నదో తెలుపు సూచికను కూడ అదే పనిలో భాగముగా చేయవలెను. శిక్షణ ఫలించినదా అనుటకు పత్రముల సంఖ్య కొలత కారాదు. వచ్చిన పాఠకులలో ఎందరు కోరినది పొంది వెళ్ళిరి అనునదే కొలత కావలెను.

ఉపాధ్యాయులు ఈ పనిని తమది కాదనుకొనరాదు. ఉన్నత పాఠశాలలలో పుస్తకముల అలమార తాళపుచెవి తరచుగా తెలుగు మాస్టారి వద్దనో సోషలు మాస్టారి వద్దనో ఉండును. అక్కడ గ్రంథపాలకులు వారే. ఒక శనివారము విద్యార్థులచే పది పుస్తకములు తీయించి, ఒక్కొక్క పేరును ఎన్ని విధముల వ్రాయవచ్చునో, ఎన్ని మాటలతో వెదకవచ్చునో వ్రాయించుడు. ఊరి పంటల తెగుళ్ళకు ఇంట్లో తాతలు వాడు పేర్లను, పుస్తకములలోని పేర్లను ప్రక్కప్రక్కన చేర్పించుడు. కంప్యూటరు లేకున్నను ఈ పాఠము నడచును. అది నేర్చిన బాలునికి తెర మీద ఫలితములు లేవని కనబడినప్పుడు, పుస్తకము లేదని అర్థము కాదని తెలియును. ఇంకొక మాటతో మరల అడుగును. పల్నాటి పిల్లవానికి పల్నాటి చరిత్ర అందవలెనన్నచో గ్రంథపాలకునికిని ఇంతమాత్రపు విద్య నిండుగా రావలెను. ఆ తరువాత ఏ యంత్రము వచ్చినను నేర్చుకొనవచ్చును.